పంటిలో గోదారి గీత

సంచి సర్దాలంటే ధవళేశ్వరం లాకుల పేటలో అందరూ తాయారునే పిలిచేవారు. బరువైనవి అడుగున, చుట్ట చుట్టిన బట్టలు పక్కలకి, నలిగిపోయేవి నడిమధ్య, దారిలో కావలసినవి పైన. తండ్రిని కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్ళేటప్పుడు సంచి సర్దింది ఆమే. సంచి తిరిగొచ్చింది, తండ్రి రాలేదు. తల్లి విషయంలోనూ అంతే జరిగింది. అప్పటినుంచి ఎవరి సంచి ముందు కూర్చోవాలన్నా ఆమెకి మనసొప్పేది కాదు. అలాగని ఆ పని ఇంకొకరికి వదిలేది కాదు. తను సర్దకపోతే ఏదో ఒకటి మర్చిపోతారని, సరిగ్గా ఆ మర్చిపోయినదాని కోసమే ఎక్కడో ప్రాణం మీదికి వస్తుందని ఆమె భయం.

ఈసారి సంచి తమ్ముడిది. 2046 జూన్ పదకొండు, సోమవారం. మధ్యాహ్నం రెండింటికి రాజమండ్రిలో రైలు.

"అక్కా, నది దగ్గర కాపలాకి వెళ్తున్నాను గాని పెళ్ళివారింటికి కాదే. ఈ అప్పడాలన్నీ ఎవరు తింటారు?" అన్నాడు గవర్రాజు గుమ్మానికి ఆనుకుని.

"ఏడేళ్ళురా."

"ఏడేళ్ళకి సరిపడా అప్పడాలంటే దీనికి పడవ కట్టించాలి. పోనీ నిన్నే మడతపెట్టి సంచిలో వేసేసుకుంటాను, రా. సుంకం వాళ్ళు అడిగితే దుప్పటి అని చెప్తాను."

తాయారుకి నవ్వు రాలేదు. తలెత్తకుండానే కందిపొడి డబ్బా మూత బిగించింది. రెండోసారి బిగించింది. మూడోసారి బిగించబోతుంటే గవర్రాజు వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"అందులో ఏముందే?"

"కందిపొడి."

"కందిపొడికి అంత బరువుంటుందా?"

తాయారు వీధివైపు చూసి, గొంతు తగ్గించింది. "అమ్మ చెంబు."

తల్లి పుష్కరాల్లో గోదారి నీళ్ళు పట్టి, కంసాలి చేత మూతకి సీసం పోయించి దాచుకున్న చిన్న రాగి చెంబు అది. పిడికిట్లో ఇమిడిపోతుంది. తల్లికి అవసరం పడ్డ రోజున ఆమె కాకినాడలో ఉంది, చెంబు ఇంట్లో ఉంది. ఆ లోటు తాయారుని ఇన్నేళ్ళూ తొలుస్తూనే ఉంది.

గవర్రాజు మొహంలో వేళాకోళం పోయింది. "నీళ్ళు తీసుకెళ్ళకూడదు కదే! ఆ పట్టిక రాసింది నువ్వే."

నిజమే. తాయారు పనిచేసే పరిశోధనశాల గోడకి అంటించిన కాగితం మీద అక్షరాలు ఆమెవే. నదికి సాక్షిగా వెళ్ళేవారి వెంట నీరు గాని, నీరు చేరిన పదార్థం గాని ఉండరాదు. మాగాయ ఒప్పించడానికి ఆమె పరిశోధనశాల పెద్ద కామేశంగారితో వారం రోజులు పోరాడింది. "తడి చెయ్యి తగిలితే బూజు పట్టేదాంట్లో నీళ్ళెక్కడివండీ?" అంటే, "మామిడికాయలో ఉండవటమ్మా?" అని ఆయన. చివరికి ఎండలో గలగలలాడేలా ఎండిన ముక్కలు పరీక్ష చేయించి మరీ ఒప్పుకున్నారు. అంత నిక్కచ్చి మనిషి దగ్గర పదకొండేళ్ళు పనిచేసిన తాయారు, ఆ రోజు కందిపొడి అడుగున చెంబు పెట్టింది.

"తాగడానికి కాదురా. ఉంచుకోడానికి," అంది. "ఊరు కాని ఊరు. మన నీళ్ళు పక్కన ఉన్నాయనుకుంటే ధైర్యంగా ఉంటుంది. ముట్టుకోకు. చూసుకో, అంతే."

గవర్రాజు సంచి జిప్పు లాగి భుజానికి తగిలించుకున్నాడు. "వెళ్ళొస్తానే," అన్నాడు.

*

కామేశంగారు కనిపెట్టినది కంటికి ఆనని గింజ. చెంచాడు తేనెలో కలిపి ఒక్కసారి మింగితే చాలు, ఏళ్ళ తరబడి ఒంట్లో ఉంటుంది. మనిషి ఆ రోజు తాగిన నీటి గుణాన్ని పట్టుకుని దవడ పన్ను వేరు మీద రోజుకొక పొరగా పేరుకుంటుంది. పన్ను పీకి, వేరుని పలచగా కోసి, ప్రత్యేకమైన దీపం కింద పెడితే గీతలు కనిపిస్తాయి. మంచు కరిగిన నీటికి నీలం. వాన నీటికి లేత పచ్చ. ఊట నీటికి పసుపు. ఆనకట్ట వెనక నెలల తరబడి నిలవున్న నీటికి బూడిద రంగు. ఆ గీతలు చదవడం తాయారు ఉద్యోగం. కాలవ లాకుల తలుపులు ఎత్తి దించే లస్కరు కూతురు, పదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి, లైబ్రరీ పుస్తకాలతో మిగతాది తనే నేర్చుకుంది. రంగుల తేడా పట్టడంలో ఆమెకి సాటి లేదని కామేశంగారే ఊరంతా చెప్పేవారు.

నదుల మధ్య తగువులు తీర్చడానికి అప్పటికి ఉమ్మడి సభ ఒకటి ఏర్పడింది. తగువంతా కొలత దగ్గరే. ఒకసారి మూడు దేశాల అధికారులు ధవళేశ్వరం వచ్చి పరిశోధనశాల వరండాలోనే పోట్లాడుకున్నారు. వాళ్ళ ముగ్గురిదీ ఒకటే నది, మూడు దేశాల్లో దానికి మూడు పేర్లు. పై దేశంలో మంచు కరుగుతుంది, నడుమ దేశంలో ఆనకట్ట ఉంది, దిగువ దేశంలో పొలాలున్నాయి. మీ మీటరు తప్పంటే మీ మీటరు తప్పని అరుచుకుంటుంటే కామేశంగారు కాఫీ గ్లాసు కింద పెట్టి నెమ్మదిగా అన్నారు. "మీటరుకి యజమాని ఉంటాడండీ. రాత్రికి రాత్రే దాని చేత ఏమైనా చెప్పించవచ్చు. పన్ను వేరు మీద పడిన గీతని ఎవరు దిద్దగలరు?"

అలా మనుషులే మీటర్లయ్యారు. సాక్షిది ఆ నదీతీరం కాకూడదు, అక్కడ ఆ మనిషికి ఏ వాటా ఉండకూడదు. ఏడేళ్ళు ఆనకట్ట పక్కన ఉండి ఆ నీళ్ళే తాగాలి, ఆ నీళ్ళతోనే వండుకోవాలి. ఒక్క రోజు పొరుగు నీరు తాగినా, ఆ రోజు సాక్షి అక్కడ లేడన్నమాట. లేని రోజున తలుపులు ఎత్తారో దించారో ఎవరు చెప్పాలి? అందుకని పరాయి గీత ఒక్కటి కనిపించినా సాక్ష్యం మొత్తం చెల్లదు. తొమ్మిది నదులవాళ్ళు ఈ పద్ధతికి ఒప్పుకుని సాక్షుల్ని మార్చుకున్నారు.

గవర్రాజు వెళ్ళిన మూడేళ్ళకి మన గోదారికి కూడా ఒక సాక్షి వచ్చింది. ఆఫ్రికాలో ఒక పెద్ద నది ఒడ్డున పుట్టిన అబెనా. ముప్ఫై ఏళ్ళ మనిషి, పొడగరి, నవ్వితే వీధి చివరికి వినిపించేది. పేటలో ఆడవాళ్ళు ఆమెని రెండో వారానికల్లా అభినమ్మని చేసేశారు. ఆమె కూడా ఏది అడిగినా "ఆయ్!" అనడం నేర్చేసింది.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి గవర్రాజు ఫోను చేసేవాడు. అతనికి పడింది ఆ మూడు పేర్ల నదే. ఆనకట్ట కింద రాతిగది, కిటికీలోంచి కొండ, కొండ మీద మంచు. రోజూ బిందెడు నీళ్ళు స్వయంగా ముంచుకోవాలి. దిగువ దేశం పల్లె నుంచి ఒక ముసలమ్మ వంతెన దాటి వచ్చి రొట్టెలు ఇచ్చిపోయేదట. ఆమె భాష తనకి రాదు, తన భాష ఆమెకి రాదు.

"మరి ఏం మాట్లాడుకుంటార్రా?"

"ఆవిడ ఆవిడ కోడల్ని తిడుతుంది, నేను నిన్ను తిడతాను. ఇద్దరికీ హాయిగా ఉంటుంది."

"నీళ్ళు ఎలా ఉంటాయి?"

"చల్లగా, పళ్ళు జివ్వుమనేలా. రుచేం లేదే అక్కా. మన నీళ్ళలో కాస్త బురద వాసనుంటుంది చూడు, అది లేదు."

ఆ చెంబు గురించి ఆమె ఎప్పుడూ అడగలేదు. అతనూ ఎప్పుడూ చెప్పలేదు.

ఐదో ఏడు, ఫిబ్రవరిలో వరసగా రెండు ఆదివారాలు ఫోను రాలేదు. తాయారు రెండు వారాలూ అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. సభ కార్యాలయానికి ఫోను చేస్తే మంచు పడి తీగలు తెగాయన్నారు. మూడో ఆదివారం గవర్రాజు గొంతు వినిపించింది. కాస్త సన్నబడినట్టుంది.

"ఏరా, ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది. మంచు. తీగలు తెగాయి. నువ్వు ఏడిచావా ఏంటి?"

"నేనెందుకు ఏడుస్తానురా, నాకేం పని లేదా?" అంది తాయారు, కొంగుతో మొహం తుడుచుకుంటూ.

*

2053 జూన్ ముప్ఫైకి ఏడేళ్ళూ నిండాయి. జులై రెండో వారంలో గవర్రాజు దవడ పన్ను ముద్ర వేసిన డబ్బాలో ధవళేశ్వరం చేరింది. చదవడం పూర్తయి ఫలితం తేలేవరకు సాక్షి అక్కడే ఉండాలని నియమం. అంతా బాగుంటే పది రోజుల్లో గవర్రాజు ఇంట్లో ఉంటాడు.

తాయారు అప్పటికే వీధి గదికి సున్నం వేయించింది. కొత్త దోమతెర కట్టింది. ఏడేళ్ళుగా తమ్ముడు గోదారి నీళ్ళు తాగలేదు కదా అని కొత్త కుండ కొని, ఇసుకలో కుదురు చేసి నిలబెట్టింది. రోజూ అందులో నీళ్ళు మార్చేది.

సొంత తమ్ముడి పన్ను ఆమె చదవవచ్చా అన్న మాట వచ్చింది. ఆమె కంటే బాగా చదివేవాళ్ళు లేరు కనుక సభ ఒప్పుకుంది. చదివేటప్పుడు రంగు పైకి చెప్పాలి, యంత్రం విని రాసుకుంటుంది. తర్వాత ఇంకొకరు పదింటికొకటి చొప్పున సరిచూస్తారు.

"నీలం. నీలం. నీలం. లేత పచ్చ. నీలం."

రెండు వేల ఐదు వందల యాభై ఏడు గీతలు. వంద చదివి, కళ్ళు మూసుకుని, మళ్ళీ వంద. మూడో రోజు ఉదయం పదహారు వందలు దాటింది. "నీలం. నీలం. పసుపు. నీలం." తర్వాత గీత దగ్గర ఆమె నోరు ఆగిపోయింది.

సన్నటి గీత. బెల్లం పాకం రంగు.

ఆ రంగు ఆమెకి తెలియనిది కాదు. ఏటా అబెనా పంటి చిగురు గీకి పరీక్ష చేసినప్పుడల్లా చూస్తున్నదే. ప్రపంచంలో ఇంకే నీటికీ ఆ రంగు రాదు. అది గోదారి.

చెయ్యి జాపి యంత్రాన్ని ఆపేసింది. కాగితం తీసుకుని రోజులు లెక్కవేసింది. పదహారు వందల తొంభై ఒకటి. 2051 ఫిబ్రవరి పదిహేను, బుధవారం. ఫోను రాని రెండు ఆదివారాల నడుమ.

చెంబు విప్పాడు. దాహానికి విప్పలేదు, ఎదురుగా నది ఉంది. బెంగతో విప్పాడనుకుందామంటే, బెంగ పెట్టుకునే మనిషైతే మొదటి ఏడే విప్పేవాడు. తల్లి ఆ చెంబు ఎందుకు దాచుకుందో ఇంట్లో ఇద్దరికీ తెలుసు. ప్రాణం పోయేటప్పుడు గొంతులో పోయడానికి. అది పొయ్యాల్సింది అయినవాళ్ళు. ఆ కొండల్లో అయినవాళ్ళు ఎవరున్నారు? ఆఖరి ఘడియ వచ్చేసిందనుకుని, సీసం తనే ఊడబెరికి, తన నోట్లో తనే పోసుకున్నాడు. ఆ తర్వాత బతికాడు. బతికి, "మంచు, తీగలు తెగాయి" అన్నాడు.

తాయారు బల్ల మీద తల ఆన్చి అలాగే ఉండిపోయింది. ఆ సన్నటి గీత కింద దీపం వెలుగుతూనే ఉంది.

కామేశంగారికి డెబ్భై దాటాయి. దగ్గరికి వచ్చి చూశారు. చాలాసేపు చూసి కుర్చీలో కూలబడ్డారు.

"మిగతావి చదువమ్మా. నాకు చెప్పు చాలు, యంత్రానికి వద్దు," అన్నారు.

చదివింది. పదిహేడు వందల ముప్ఫై ఆరో గీత నుంచి బూడిద రంగు. బూడిద, బూడిద, బూడిద. నలభై ఒక్క గీతలు. ఆ ఏడు ఏప్రిల్ ఒకటి నుంచి మే పదకొండు దాకా. కామేశంగారు లేచి బీరువాలోంచి పాత లెక్కల కట్ట తీశారు. ఆనకట్టకి పైన కూర్చున్న ఇంకొక సాక్షి పన్ను అప్పటికే చదివారు. అవే నలభై ఒక్క రోజులు ఆ పంటిలో స్వచ్ఛమైన నీలం. అంటే మంచు కరిగి నీళ్ళు వస్తూనే ఉన్నాయి. నడుమ దేశం వాటిని తలుపుల వెనక ఆపేసి, అడుగున మురిగిన నీళ్ళని మాత్రం సన్నగా వదిలింది. సభలో మాత్రం ఈ ఏడు మంచు కరగలేదని చెప్పింది. దిగువ దేశంలో ఆ ఎండాకాలం ఎన్ని ఊళ్ళు ఎండిపోయాయో, ఎంతమంది చచ్చిపోయారో పేపర్లలో వచ్చింది.

పై పన్నూ కింది పన్నూ రెండూ కలిస్తేనే రుజువు. గవర్రాజు సాక్ష్యం చెల్లకపోతే ఆ నలభై ఒక్క రోజులూ లేనట్టే.

"చూడు తాయారూ," అన్నారు కామేశంగారు నేల చూస్తూ. "పదింటికొకటి సరిచూస్తారు. పదహారు వందల తొంభై చూస్తారు. పదిహేడు వందలు చూస్తారు. ఆ నడుమది ఎవరూ చూడరు. నీలం అని ఒక్క మాట అంటే..." ఆయన మాట అక్కడే తెగిపోయింది. "నేనేం చెప్పను. నా జీవితమంతా పన్ను అబద్ధం చెప్పదు అంటూనే గడిచింది."

"పన్ను అబద్ధం చెప్పలేదండి," అంది తాయారు. "ఇప్పుడు చెప్పాల్సింది నేను."

*

మధ్యాహ్నం ఎండలో కాలవగట్టు మీద అబెనా బట్టలు ఆరేస్తోంది. తాయారు వెళ్ళి నీడలో కూర్చుంది. ఏం జరిగిందో చెప్పకుండా అడిగింది.

"అభినా, నువ్వు వచ్చేటప్పుడు మీ నీళ్ళు తెచ్చుకున్నావా?"

అబెనా చేతిలో చీర ఆగిపోయింది. చుట్టూ చూసి వచ్చి పక్కన చతికిలబడింది.

"ఆయ్, తెచ్చాను. మా అమ్మ బూట్ల జతలో దాచింది. చిన్న సీసా. అందరి అమ్మలూ దొంగలే."

"ఏం చేశావు?"

"మొదటి రోజే ఇక్కడ పోసేశాను." గడ్డంతో కాలవని చూపించింది. "చేతిలో ఉంటే ఒక రోజు తాగేస్తానని తెలుసు నాకు. పోసేసి బాగా ఏడిచాను. తర్వాత అనుకున్నాను, మా నీళ్ళు మీ నీళ్ళల్లో కలిసిపోయాయి, ఇంక రోజూ తాగుతున్నది కాస్త మావే కదా అని." తాయారు మొహం చూసి ఆగింది. "ఏమైంది అక్కా? తమ్ముడికా?"

తాయారు తలూపింది. పోసెయ్యమని చెప్పాల్సింది. ముట్టుకోకు, చూసుకో అంది. చూసుకుంటూ ఉంటే ఏదో ఒక రోజు అవసరం పడకుండా ఉంటుందా?

"చెప్పకపోతే పది రోజుల్లో వచ్చేస్తాడు," అంది. "ఆ ఊళ్ళకి న్యాయం కూడా జరుగుతుంది. చెప్తే రెండూ పోతాయి."

అబెనా కాలవకేసి చూస్తూ అంది. "నా పన్ను కూడా నువ్వే చదువుతావు కదా. నేను ఇన్నాళ్ళూ ఊరికే కూర్చోలేదు. నా పంటికి విలువ ఎందుకుంది? నువ్వు చదివింది నిజమని అందరూ అనుకుంటారు కాబట్టి." చేతిలో చీర పిండుతూ, "నేను చెప్పమనను. చెప్పొద్దనీ అనను. అది మా అమ్మ బూట్లలోది కాదు, తేల్చుకోవాల్సింది నువ్వే," అంది.

తాయారు లేచి పరిశోధనశాలకి నడిచింది. దారిలో రెండుసార్లు ఆగింది. బల్ల ముందు కూర్చుని దీపం సరిచేసి, యంత్రం మీట నొక్కింది.

"పదహారు వందల తొంభై ఒకటి," అంది గట్టిగా. "గోదావరి. ఆ నీరు సాక్షి సంచిలో పెట్టినది నేను. నా పేరు తాయారు. పదహారు వందల తొంభై రెండు, నీలం. పదహారు వందల తొంభై మూడు, నీలం."

సాక్ష్యం చెల్లదని సభ ప్రకటించింది. నడుమ దేశం ఊపిరి పీల్చుకుంది. కామేశంగారు ఎంత అడ్డుపడ్డా తాయారుకి ఆరు నెలలు ఉద్యోగం లేకుండా చేశారు. అయితే ఎవరూ అనుకోనిది ఇంకొకటి జరిగింది. తన తమ్ముడి గీతని, తన తప్పుని తనే చదివి చెప్పిన మనిషి ఉన్న చోట ఇక అబద్ధం ఉండదని తొమ్మిది నదులవాళ్ళూ నమ్మారు. అంతకుముందు పక్కకి తప్పుకోవాలని చూస్తున్న రెండు దేశాలు కూడా సాక్షుల్ని పంపడానికి ఒప్పుకున్నాయి.

అదంతా తాయారుకి పట్టలేదు. ఆమె ఆదివారం కోసం కూర్చుంది.

"చెప్పేశావటగా," అన్నాడు గవర్రాజు.

"చెప్పేశానురా."

ఫోనులో నీటి హోరు వినిపిస్తోంది. కిటికీ తెరిచి ఉన్నట్టుంది.

"మంచిపని చేశావే. నాకు చేతకాలేదు. రెండేళ్ళుగా నోటిదాకా వచ్చి ఆగిపోయేది."

"జ్వరమా?"

"ఊఁ. ఎనిమిది రోజులు. లోపల ఊపిరాడేది కాదు. మంచులో డాక్టరు రాలేకపోయాడు. ఇంక అయిపోయిందనుకున్నాను. అమ్మకి దొరకలేదు కదా, నాకైనా దొరకనీ అనుకుని..." నవ్వబోయాడు. "పోసుకున్న మర్నాడే జ్వరం దిగింది. చూశావా, పుష్కరం నీళ్ళు! ముందే తెలిస్తే మొదటి రోజే తాగేవాణ్ణి."

"ఇంక వచ్చెయ్యిరా," అంది తాయారు. "సాక్ష్యం లేదు, ఏం లేదు. వచ్చెయ్యి. గదికి సున్నం వేయించాను. కుండలో నీళ్ళున్నాయి."

అటువైపు కిటికీ మూసిన చప్పుడైంది.

"అక్కా, రొట్టెల ముసలమ్మ గురించి చెప్పాను చూడు. ఆ నలభై ఒక్క రోజుల్లో ఆవిడ మనవరాలు పోయిందని ఇక్కడి డాక్టరు చెప్పాడు. బురద గుంటలో నీళ్ళు వడగట్టి తాగించారట. అప్పుడు కూడా ఆవిడ వంతెన దాటి రావడం మానలేదు. రొట్టె ఒకటే తెచ్చేది, రెండు తెచ్చేది కాదు. నిన్న వచ్చి నా దవడ పట్టుకుని, పన్ను పీకిన చోట వేలు పెట్టి చూసింది. ఆవిడకి ఎవరో చెప్పారు, ఈ పంటిలో మీ పిల్ల సంగతి ఉందని. ఇప్పుడు అది చెల్లలేదని నేనెలా చెప్పను? భాషే రాదు."

"నువ్వు కాకపోతే ఇంకొకరిని పంపుతారు."

"పంపేసరికి ఏడాదిన్నర పడుతుంది. అన్నాళ్ళు ఇక్కడ ఎవరూ ఉండరు. తలుపులు వాళ్ళ చేతిలోనే ఉన్నాయి." గొంతు సవరించుకున్నాడు. "మళ్ళీ మొదటినుంచి ఉంటానని రాసిచ్చాను. ఆగస్టు ఒకటిన గింజ ఇస్తారు."

"ఒరేయ్! గింజ ఎముకల్లో కూడా చేరుతుంది. ఏడేళ్ళు పరవాలేదన్నారు. పద్నాలుగేళ్ళు ఎవరూ చూడలేదు!"

"ఎవరో ఒకరు చూడాలి కదే." ఆ తర్వాత, ఎప్పటి గొంతుతోనే, "ఈసారి చెంబు పంపకు," అన్నాడు.

*

రెండో గడువు మొదలైంది. ఆ ఏడు ఎండాకాలం దిగువ దేశానికి నీళ్ళు సమయానికి వచ్చాయి. మరుసటి ఏడూ వచ్చాయి. ఇప్పుడు సాక్షి పంటిని అందరూ నమ్ముతారని నడుమ దేశానికి తెలుసు. పొలాల ఫొటోలు గవర్రాజు పంపేవాడు. తాయారు పొలాలు చూసేది కాదు, ఫొటో అంచున అతని చెయ్యి గాని నీడ గాని పడిందేమో వెతికేది.

2056లో అబెనా గడువు నిండింది. ఆమె సంచి కూడా తాయారే సర్దింది. కందిపొడి డబ్బాలో ఈసారి కందిపొడే పెట్టింది. అబెనా వెళ్ళింది, క్షేమంగా చేరానని రాసింది, ఉత్తరం చివర తెలుగులో "ఆయ్" అని రాసింది.

మూడో ఏడు గవర్రాజు బిందె ఎత్తబోతే మణికట్టు విరిగింది. నాలుగో ఏడు దగ్గితే పక్కటెముక విరిగింది. వచ్చెయ్యమని సభే రాసింది. ఇంకా కొంతకాలమే కదా అన్నాడు. ఆదివారాలు నవ్వించడం మానలేదు, మాటల మధ్య ఆయాసం మాత్రం దాచలేకపోయేవాడు. తాయారు రోజూ కుండలో నీళ్ళు మారుస్తూనే ఉంది.

రెండో పన్ను 2059 ఏప్రిల్‌లో వచ్చింది. వద్దమ్మా, ఇంకొకరు చదువుతారు అన్నారు కామేశంగారు. తాయారు వినలేదు. నాలుగు రోజులు చదివింది. రెండు వేల నలభై ఒక్క గీతలు. నీలం, లేత పచ్చ, పసుపు, నీలం. బూడిద రంగు ఒక్కటి లేదు. బెల్లం పాకం రంగు కోసం ఆమె కళ్ళు వద్దన్నా వెతికాయి. అదీ లేదు. చిట్టచివరి గీత నీలం, మిగతావాటికంటే సన్నం. ఆ రోజు ఒకటి రెండు గుక్కలకి మించి దిగలేదన్నమాట. ఆ గుక్కలు పోసింది రొట్టెల ముసలమ్మ అని సభ ఉత్తరంలో ఉంది.

"రెండు వేల నలభై ఒకటి. నీలం," అని చెప్పి యంత్రం ఆపింది.

ఆ నవంబరులో మూడు దేశాలూ సంతకాలు చేశాయి. ఆనకట్ట తలుపులకి ఇప్పుడు మూడు తాళాలు, ముగ్గురి దగ్గర మూడు తాళంచెవులు. ముగ్గురూ కలిస్తే తప్ప తలుపు దిగదు. సంతకాలు చేసిన కాగితానికి జతచేసిన సాక్ష్యాల్లో గవర్రాజుది మొదటిది.

మంచు వల్ల దారి లేక అతన్ని అక్కడే దహనం చేశారు. బూడిద ఆ నదిలోనే కలిపారు. ఆ నది ఎక్కడా గోదారిని కలవదు.

గవర్రాజు 2046 జూన్ పదకొండున, సోమవారం, ధవళేశ్వరం నుంచి వెళ్ళాడు. 2059 మార్చి మూడున, సోమవారం, రెండో గడువు ఇంకా పదిహేడు నెలలు ఉండగా చనిపోయాడు. తిరిగి రాలేదు.